సమాజమందిరంలో సమాజం ఎంత, మందిరం ఎంత

తెలుగు బైబిల్ కాస్త తిరగేసినవాళ్ళకు సినగాగ్ అనే మాట కొత్తగా అనిపించినా సమాజమందిరం అంటే వెంటనే తెలుస్తుంది, యేసు సబ్బాతు నాడు, అంటే యూదుల శనివారపు విశ్రాంతి దినాన, సమాజమందిరంలోకి వెళ్ళి బోధించాడని సువార్తల్లో పదేపదే వస్తుంది కాబట్టి. ఆ అనువాదం భలే కుదిరింది. హీబ్రూలో దాన్ని బేత్ క్నెసెత్ అంటారు, జనం కూడే ఇల్లు అని అర్థం. లోపల విగ్రహం ఉండదు, గర్భగుడి ఉండదు, తీర్థం ఇచ్చే పూజారి ఉండడు. యెరూషలేము దిక్కున ఒక గోడ, ఆ గోడకు ఒక అలమారా, అందులో తోలు మీద చేత్తో రాసిన తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్టలు, ఎదురుగా కూర్చోడానికి బల్లలు. మిగతాదంతా వచ్చే మనుషుల్ని బట్టే. సంప్రదాయం ప్రకారం వయసొచ్చిన మగవాళ్ళు పదిమంది కూడితేనే పూర్తి ప్రార్థన, అందుకే తొమ్మిదిమంది వచ్చి పదోవాడి కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం యూదులున్న ప్రతి ఊళ్ళోనూ తెలిసిన సంగతే.

ఇలాంటి చోట ఒక సంఘం లేచి, పాత నియమాల్లో ఏది పాటించాలో ఏది వదిలేయాలో ఎవరికి వాళ్ళు చదువుకుని, ఆలోచించుకుని తేల్చుకోవచ్చు అని ప్రకటిస్తే ఏమవుతుంది? ప్రోగ్రెసివ్ యూదులు రెండు వందల ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే. దేశాన్ని బట్టి రిఫార్మ్ అనీ లిబరల్ అనీ కూడా అంటారు. దీన్ని దగ్గరగా చూడాలంటే న్యూయార్కో లండనో పోనక్కర్లేదు, ముంబైలో బైకుల్లా చాలు. రోదెఫ్ షాలోమ్ అనే సమాజమందిరం అక్కడుంది, శాంతి వెంటపడేవాడు అని ఆ పేరుకు అర్థం. దాన్ని నడిపే జ్యూయిష్ రిలీజియస్ యూనియన్ 1925లో మొదలైంది, అంటే ఇప్పటికి నూరేళ్ళు దాటింది. ముంబైలో యూదులు అనగానే మనవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది 2008 దాడుల్లో చిక్కుకున్న నారిమన్ హౌస్. అది ఛబాద్ అనే పరమ సంప్రదాయ శాఖ నడిపే కేంద్రం, ఎక్కువగా విదేశాల నుంచి వచ్చే యూదుల కోసం పెట్టింది. బైకుల్లా సంగతి వేరే, ఇది ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు పెట్టుకున్నది.

అసలు తేడా ఎక్కడుందో ముందు తేల్చుకుందాం. సంప్రదాయ యూదుల దృష్టిలో ధర్మశాస్త్రం సీనాయి కొండ మీద దేవుడు ఇచ్చింది, మనిషి దాన్ని వివరించుకోవచ్చు గానీ కొట్టేయడానికి లేదు. ప్రోగ్రెసివ్ యూదులు ఆ గ్రంథాన్ని ఆయా కాలాల మనుషులు దేవుడి గురించి, న్యాయం గురించి తమకు తోచినంతలో రాసుకున్నదిగా చూస్తారు, కాబట్టి ప్రతి తరమూ దాన్ని మళ్ళీ జల్లెడ పట్టుకోవాలంటారు. ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటే మిగతావన్నీ వరసగా వచ్చేస్తాయి. ఆడా మగా కలిసి కూర్చోవడం, ప్రార్థనలో సగం వాడుక భాషలో ఉండటం, శనివారం కారేసుకుని మందిరానికి రావడం, కోషర్ తిండి, అంటే మత నియమాల ప్రకారం తినదగిన తిండి, ఎవరిష్టం వాళ్ళది కావడం, చాలాచోట్ల ఆ పదిమంది లెక్కలో ఆడవాళ్ళనూ కలపడం. ఆడవాళ్ళు రబ్బీలు, అంటే మత గురువులు, కావడం కూడా ఇక్కడి నుంచే మొదలు: 1935లో జర్మనీలో రెగీనా యోనాస్ మొదటావిడ, నాజీలు ఆమెను ఆష్విట్జ్‌లో చంపేశారు, ఆ తర్వాత 1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్ దాకా ఇంకెవరూ లేరు. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇదేమీ చిన్న శాఖ కాదు. ప్యూ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 2020లో చేసిన సర్వేలో అమెరికా యూదు పెద్దల్లో 37 శాతం తాము రిఫార్మ్ అని చెప్పుకున్నారు, ఆర్థడాక్స్ (సంప్రదాయ శాఖ) అన్నవాళ్ళు 9 శాతం. ఇండియాలో మాత్రం లెక్క పూర్తిగా తిరగబడుతుంది, ఎందుకో తర్వాత చూద్దాం.

చరిత్ర టూకీగా. జర్మనీలో జేసెన్ అనే చిన్న ఊళ్ళో 1810లో, హాంబర్గ్‌లో 1818లో జర్మన్ ప్రార్థనలు, ఆర్గన్ వాయిద్యంతో మొదలైంది. ఇంగ్లండులో గట్టి మలుపు 1902లో వచ్చింది. లిలీ మాంటేగు అనే యువతి, క్లాడ్ మాంటిఫియోరి అనే పండితుడు కలిసి లండన్‌లో ఒక హోటల్ హాల్లో శనివారం మధ్యాహ్నం ప్రార్థన పెట్టారు, ఆడామగా కలిసి కూర్చుని, ఎక్కువభాగం ఇంగ్లీషులో. మధ్యాహ్నం ఎందుకంటే పొద్దున పనికి పోయేవాళ్ళు కూడా రావాలని. లిలీ అప్పటికే పని చేసుకుని బతికే అమ్మాయిల కోసం క్లబ్ నడుపుతోంది, వాళ్ళకు సబ్బాతు సెలవు దొరకదని ఆమెకు బాగా తెలుసు. సిద్ధాంత చర్చలన్నీ పక్కన పెట్టి చూస్తే ఆ టైమ్ మార్పే అసలైన సంస్కరణ అనిపిస్తుంది. ఇంట్లో మాత్రం తండ్రి శామ్యూల్ మాంటేగు పెద్ద బ్యాంకరు, కరడుగట్టిన సంప్రదాయవాది, కూతురి పని ఆయనకు సుతరామూ నచ్చలేదు. ఆమె తమ్ముడి పేరు మనకు బాగా తెలిసిందే, గ్రూప్స్‌కి చదివిన ప్రతి ఒక్కరూ బట్టీ పట్టిన మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల్లోని ఎడ్విన్ మాంటేగు. తమ్ముడు ఇండియా పాలనను సంస్కరించబోయాడు, అక్క మతాన్ని. ఎవరిది ఎక్కువకాలం నిలిచిందో వేరే చెప్పక్కర్లేదు.

లిలీ వాళ్ళ ఆ సంఘం పేరు జ్యూయిష్ రిలీజియస్ యూనియన్. ముంబై సంఘానిదీ అదే పేరు కావడం కాకతాళీయం కాదు. ఆ వంతెన డాక్టర్ జెరూషా ఝిరాద్. బెనె ఇజ్రాయెల్ అనే యూదు సముదాయపు కుటుంబం, ముంబై గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదువు, తర్వాత లండన్ వెళ్ళి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ప్రసూతి, స్త్రీవ్యాధుల్లో ఎం.డి. చేశారు. లండన్‌లో ఉండగానే లిబరల్ సమాజమందిరంతో పరిచయం. తిరిగొచ్చాక 1925లో ఇక్కడ సంఘం పెట్టారు. 1928 నుంచి 1947 దాకా కామా ఆస్పత్రి సూపరింటెండెంట్, 1966లో పద్మశ్రీ. రోజంతా కాన్పులు చూసే డాక్టరు, ఆడవాళ్ళను మేడమీది గ్యాలరీలో కూర్చోబెట్టే మందిరాన్ని ఏ కళ్ళతో చూసి ఉంటారో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ఆ మరుసటి ఏడాదే, 1926లో, లండన్‌లో ప్రోగ్రెసివ్ యూదుల ప్రపంచ సమాఖ్య మొదలైంది. ముంబై సంఘం అందులో భాగమైంది.

ఇది లండన్ నుంచి ఓడలో దిగిన సరుకు అనుకుంటే సగమే నిజం. బెనె ఇజ్రాయెల్ అంటే కొంకణ తీరపు మరాఠీ యూదులు. ఎప్పుడో ఓడ పగిలి నవ్‌గావ్ దగ్గర ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు ఒడ్డుకు చేరారని వాళ్ళ కథ. గానుగలు ఆడించి నూనె తీసేవాళ్ళు, శనివారం గానుగ కట్టేసేవాళ్ళు కాబట్టి ఊరివాళ్ళు వాళ్ళకు శనివార్ తేలీలు అని పేరు పెట్టారు. పేన్‌కర్, రోహేకర్, కెహిమ్‌కర్ అని ఊరిపేర్లే ఇంటిపేర్లు. వీళ్ళు 1880ల నాటికే బైబిల్ కథల్ని మరాఠీలో కీర్తనలుగా కట్టి, అచ్చం మన హరికథలాగా పాడుకునేవాళ్ళు. హీబ్రూ వ్యాకరణం వాళ్ళకు మరాఠీలో మొదట అందింది 1832లో, అదీ జాన్ విల్సన్ అనే స్కాట్లండ్ మిషనరీ రాసిన పుస్తకంలో. అంటే దేవుడితో సొంత భాషలో మాట్లాడటం అనేది జర్మనీలో పెద్ద తిరుగుబాటు అయితే, కొంకణంలో అమ్మమ్మలు చేస్తున్న పనే. పైగా అదే నగరంలో 1867 నుంచి ప్రార్థనా సమాజం ఉంది, మన కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తలకెత్తుకున్న భావాలు కూడా ఆ వరసలోవే. పాత గ్రంథాన్ని వదలకుండానే దాన్ని ప్రశ్నించడం అప్పటి బొంబాయి గాలిలోనే ఉంది.

ఆచారాల విషయానికొస్తే ఇంకా సరదాగా ఉంటుంది. బెనె ఇజ్రాయెల్ ఇళ్ళలో మలీదా అని ఒకటుంది. కడిగి ఆరబెట్టిన అటుకుల్లో తురిమిన కొబ్బరి, పంచదారో బెల్లమో, యాలకులు, జీడిపప్పు కలిపి పెద్ద పళ్ళెంలో గుట్టగా పోస్తారు. చుట్టూ అరటిపండు, ఖర్జూరం లాంటి పళ్ళు, మధ్యలో ఒక గులాబీ. పక్కన నిలబడి ఏలీయా ప్రవక్తను తలుచుకుంటూ హీబ్రూ పాట పాడతారు, తర్వాత పళ్ళు ఒక్కోటి చేతిలోకి తీసుకుని దానికి తగ్గ ఆశీర్వాదం చదివి పంచుతారు. కొత్తిల్లు, పెళ్ళి, మొక్కు తీరడం, దేనికైనా సరే మలీదా. కొంకణంలో ఖండాలా అనే ఊళ్ళో ఏలీయా రథం ఆగిన గుర్తు ఉందని నమ్మి అక్కడికి మొక్కులతో వెళ్తారు. ఈ పళ్ళెం సంగతి ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు, వేరే దేశాల యూదులకు తెలియదు. హేతువునే పట్టుకుని కూర్చునే సంస్కరణవాది అయితే దీన్ని మూఢాచారం అని ముందే తీసేయాలి. యూరప్‌లో మొదటి తరం సంస్కర్తలు అలాంటివి చాలానే తీసేశారు, 1885లో పిట్స్‌బర్గ్‌లో అమెరికన్ రబ్బీలు తిండి, పూజారుల శుద్ధి, దుస్తుల నియమాలు ఈ కాలానికి పనికిరావని తీర్మానం కూడా రాసుకున్నారు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఆ లోలకం వెనక్కి ఊగుతూనే వచ్చింది, 1999లో అదే పిట్స్‌బర్గ్‌లో చేసిన ప్రకటనలో హీబ్రూ నేర్చుకోండి, పాత ఆజ్ఞలన్నీ మళ్ళీ చదవండి అన్నారు. మలీదా మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా ఇంట్లోనే ఉండిపోయింది. సిద్ధాంతం మారినంత వేగంగా వంటిల్లు మారదు.

వంటింటి మాటొచ్చింది కాబట్టి ఇంకో రెండు ముక్కలు. మాంసాన్ని పాలతో కలపకూడదని నియమం, అందుకే కూరల్లో పెరుగు, మీగడ బదులు కొబ్బరిపాలు. ప్రోగ్రెసివ్ మందిరానికి వెళ్ళేవాళ్ళకు ఈ నియమం మీద పట్టింపు ఉన్నా లేకపోయినా కూరలో కొబ్బరిపాలే ఉంటాయి, ఎందుకంటే అమ్మ అలాగే చేసేది. శుక్రవారం సాయంత్రం ద్రాక్షసారాయి మీద ఆశీర్వాదం చదవాలి, కోషర్ వైన్ ఇక్కడ దొరికేది కాదు కాబట్టి ఎండుద్రాక్ష నీళ్ళలో నానబెట్టి పిండిన షర్బత్‌తో కానిచ్చేవాళ్ళు, ఇప్పటికీ చాలామందికి అదే ఇష్టం. ఎస్తేరు కథ చదివే పూరీము పండక్కి పురన్ పోళీ చేస్తారు, అంటే మన బొబ్బట్లే. ఏది మత నియమం, ఏది ఊరి అలవాటు అని గీత గీయబోతే చెయ్యి ఆగిపోయేది ఇక్కడే.

ఇక నడిచే తీరు. బయటివాళ్ళకు రబ్బీ అంటే పూజారి అనో పాస్టర్ అనో ఉంటుంది గానీ నిజానికి రబ్బీ అంటే చదువుకున్న గురువు, న్యాయం చెప్పేవాడు. ప్రార్థన నడిపించడానికి ఆయనే ఉండాలని లేదు, హీబ్రూ చదవగలిగిన ఏ సభ్యుడైనా, ప్రోగ్రెసివ్ చోట ఏ సభ్యురాలైనా ముందు నిలబడొచ్చు. అమెరికాలో, బ్రిటన్‌లో సంఘాన్ని నడిపేది సభ్యులు ఎన్నుకున్న బోర్డు. రబ్బీ వాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న మనిషి, కాంట్రాక్టు ఉంటుంది, పొడిగించాలా వద్దా అని మీటింగులు ఉంటాయి, ఆ మీటింగుల్లో టెన్షన్లు కూడా మామూలే. దేవాదాయ శాఖ, ఈవో, హుండీ లెక్కలు చూసిన మన కళ్ళకు ఇది కాస్త వింతే. హుండీ మీద నడవదు, సబ్బాతు నాడు డబ్బు ముట్టుకోకూడదని పాత నియమం కాబట్టి ఆదాయం ఏడాది చందాల రూపంలో వస్తుంది. బ్రిటన్‌లో ఆ చందాలోనే అంత్యక్రియల ఖర్చు కూడా కలిసి ఉంటుంది. ఏళ్ళ తరబడి మందిరం గడప తొక్కనివాళ్ళు కూడా చందా మానకపోవడానికి అదొక పెద్ద కారణం. విశ్వాసం సడలినా శ్మశానంలో చోటు కావాలి కదా.

ముంబైలో మాత్రం రబ్బీ ఉండటమే అరుదు. 1957లో హ్యూగో గ్రిన్ అనే యువ రబ్బీ వచ్చాడు. ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డవాడు, అమెరికాలో చదువు పూర్తి చేసిన వెంటనే ప్రపంచ సమాఖ్య తరఫున తొలి ఉద్యోగంగా బొంబాయి వచ్చి 1960 దాకా ఉన్నాడు. తర్వాత లండన్‌లో పెద్ద పేరు సంపాదించాడు, బీబీసీ రేడియోలో ఆయన గొంతు అక్కడ అందరికీ తెలిసి ఉండేది. యూరప్‌లో తన జనం బూడిదైపోయిన మనిషి, యూదుల్ని మతం పేరుతో వేధించిన చరిత్రే దాదాపుగా లేని దేశానికి తొలి కొలువు కోసం రావడం, ఇది ఊరికే దాటేసే విషయం కాదు. అలాంటివాళ్ళు వచ్చి వెళ్ళిన మధ్యకాలాల్లో సంఘాన్ని నిలబెట్టింది మామూలు సభ్యులే, ఆఫీసు నుంచి వచ్చి ప్రార్థన పుస్తకం తెరిచినవాళ్ళు.

ఈ పని ఎంత కష్టమో తెలియాలంటే పదమూడేళ్ళ పిల్లని చూడాలి. ఆ వయసుకు అబ్బాయి అయితే బార్ మిత్స్వా, అమ్మాయి అయితే బాత్ మిత్స్వా, అందరి ముందూ తోరా చుట్ట విప్పి చదవాలి. అమ్మాయిలకూ ఈ హక్కు అబ్బాయిలతో సమానంగా ఇవ్వడం ప్రోగ్రెసివ్ సంఘాల గుర్తు. ఆ చుట్టలో అచ్చులు ఉండవు, కామాలు ఫుల్‌స్టాపులు ఉండవు, హల్లులు మాత్రమే. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే గుణింతాల గుర్తులన్నీ తీసేసి సీతారాములు అన్నదాన్ని సతరమల అని రాసి, సరిగ్గా చదువు, పైగా రాగంలో చదువు అన్నట్టు. తోలును వేలితో తాకకూడదు కాబట్టి చివర చిన్న వెండి చెయ్యి ఉన్న పుల్లతో వరస వెంట జరుపుతూ చదువుతుంది. అందుకు నెలల తరబడి, కొందరికి ఏడాది పైనే ట్రైనింగు పడుతుంది. అంటే ఎవరో ఒకరు తమ ఆదివారాలు ఇచ్చి ఉండాలి. నియమాలు తేలిక చేసుకున్న సంఘం కదా అని చులకనగా చూసేవాళ్ళు ఈ ఆదివారాలను లెక్కలో వేసుకోరు.

ఇప్పుడు ఆ వాయిదా వేసిన ప్రశ్న. అమెరికాలో అంత పెద్ద శాఖ, ఇండియాలో ఒకే ఒక్క నగరంలో చిన్న సంఘంగా ఎందుకు మిగిలింది? జనం లేకపోవడం మొదటి కారణం. 1951 జనాభా లెక్కల్లో దేశంలో సుమారు 26 వేల మంది యూదులున్నారు, 2011కి ఐదు వేలకు లోపే. ఇజ్రాయెల్‌కి, ఇంగ్లండుకి, కెనడాకి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ముంబై, ఠాణే చుట్టుపక్కలే. ఇంత చిన్న సమాజంలో ఒకే ఇంట్లో తాత సంప్రదాయ మందిరంలో సభ్యుడు, మనవరాలు రోదెఫ్ షాలోమ్‌లో పాడుతుంది, పెళ్ళిళ్ళలో అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు. శాఖల మధ్య గోడలు కట్టుకోవాలన్నా ఇటుకలు చాలవు.

రెండో కారణం ఇంకా లోతైనది, ఎవరూ పైకి గట్టిగా అనరు గానీ. 1960ల మొదట్లో ఇజ్రాయెల్‌లోని ప్రధాన రబ్బీల వ్యవస్థ బెనె ఇజ్రాయెల్‌ల యూదుత్వం మీద అనుమానం లేవదీసింది, పెళ్ళి చేసుకోవాలంటే తాతముత్తాతల వంశం విచారించాలంది. ధర్నాలు, నిరాహార దీక్షలు జరిగాయి. 1964లో గానీ ప్రభుత్వం వీళ్ళు అన్ని విధాలా యూదులే అని తేల్చి చెప్పలేదు. ఆ దెబ్బ తిన్న జనం, మేము నియమాలు సడలించుకున్నాం అని బోర్డు కట్టుకోవడానికి వెనకాడతారా లేదా? అవతలివాడు నిన్ను అసలు మనవాడివేనా అని అడుగుతున్నప్పుడు నిష్ఠే రుజువు. సడలింపు అనేది స్థానం ఖాయమైనవాళ్ళకు దొరికే సౌకర్యం.

దీనికి మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అని చెప్పుకునే కుటుంబాలున్నాయి, మాదిగ సామాజికవర్గం నుంచి వచ్చినవాళ్ళు, తమను ఎఫ్రాయిము గోత్రపు యూదులుగా ప్రకటించుకుని తెలుగు, హీబ్రూ కలిపి సబ్బాతు చేసుకుంటారు. ఇజ్రాయెల్ వీళ్ళను గుర్తించలేదు. వీళ్ళది ప్రోగ్రెసివ్ శాఖ కాదు, ఆ తూకంతో కొలవడం కూడా సరికాదు. కానీ ఆచారం ఎవరికి ఐచ్ఛికం, ఎవరికి గుర్తింపు కార్డు అన్న ప్రశ్న వీళ్ళ దగ్గర తేటగా కనబడుతుంది. బెనె ఇజ్రాయెల్‌లలో కూడా ఒకప్పుడు గోరా ఇజ్రాయెల్, కాలా ఇజ్రాయెల్ అని విభజన ఉండేది, బయటి ఆడవాళ్ళతో కలిగిన సంతానాన్ని కాలా అని వేరుపెట్టి, పెళ్ళిళ్ళు కలుపుకోకుండా, మందిరంలో వాళ్ళను తక్కువగా చూసేవాళ్ళు. ఎక్కడి నుంచి నేర్చుకున్నారో మనకు వేరే చెప్పాలా.

ఇప్పటి గొడవ కూడా దాదాపు ఆ గీత మీదే. బయటివాళ్ళను పెళ్ళి చేసుకుంటే పుట్టిన పిల్లలు ఎవరు? సంప్రదాయం ప్రకారం తల్లి యూదురాలైతేనే పిల్లలు యూదులు. అమెరికా రిఫార్మ్ రబ్బీలు 1983లో తండ్రి యూదుడైనా చాలు, పిల్లల్ని యూదులుగా పెంచితే అన్నారు. మతంలోకి కొత్తగా రావాలనుకునేవాళ్ళకు ప్రోగ్రెసివ్ సంఘం తలుపు కాస్త వెడల్పు, చదువు మాత్రం తప్పదు, నెలలు పడుతుంది. చిక్కేమిటంటే ఇజ్రాయెల్ బైట మతం మారినవాళ్ళకైనా, 2021 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇజ్రాయెల్‌లోనే రిఫార్మ్ పద్ధతిలో మారినవాళ్ళకైనా అక్కడ పౌరసత్వం దొరుకుతుంది గానీ, పెళ్ళి చేసే అధికారం ఇంకా సంప్రదాయ రబ్బీల చేతిలోనే ఉంది. పాస్‌పోర్టు ఇస్తారు, పెళ్ళి చేయరు. ముంబైలో పిల్లని పెంచుతూ, రేపు ఇజ్రాయెల్ వెళ్తుందేమో అని ఆలోచించే తల్లిదండ్రులకు ఇది సిద్ధాంత చర్చ కాదు.

ఇన్ని సడలించినా సడలించలేకపోయిన ప్రార్థన ఒకటుంది, కద్దీష్. పోయినవాళ్ళ కోసం చదివేది, అరమాయిక్ భాషలో. అందులో చావు అన్న మాటే రాదు, మొత్తం దేవుడి స్తుతి. తల్లో తండ్రో పోతే సంప్రదాయం ప్రకారం పదకొండు నెలల పాటు చదవాలి, ఒంటరిగా ఇంట్లో చదివితే కుదరదు, నలుగురిలోనే చదవాలి. పాత పద్ధతిలో దుఃఖంలో ఉన్నవాళ్ళు మాత్రమే లేచి నిలబడతారు. చాలా ప్రోగ్రెసివ్ సంఘాల్లో అందరూ లేస్తారు, ఆ మనిషి ఒక్కడే నిలబడక్కర్లేకుండా, నాజీల చేతిలో కుటుంబాలకు కుటుంబాలే పోయి కద్దీష్ చదివే దిక్కు లేనివాళ్ళ కోసం కూడా. పండగలకు తప్ప మొహం చూపించని కొడుకు ఆ ఏడాది శుక్రవారం శుక్రవారం వస్తాడు. ఆమేన్ అనడానికి అక్కడ ఇంకో తొమ్మిదిమంది అప్పటికే వచ్చి కూర్చుని ఉండాలి, వాళ్ళింట్లో ఎవరూ పోకపోయినా సరే.